ఆ ఫోటోలో వెనక చక్రాలు గాలిలో ఉన్నాయండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో అమెరికా మోటార్‌హోమ్‌ల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. నేను ఆర్టీసీ గ్యారేజీలో 31 ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఏడాదిలో సగం రోజులు ఖమ్మంలో, సగం రోజులు టెక్సస్‌లో మావాడి దగ్గర ఉంటాను. మావాడు నాలుగేళ్ళ కింద ఒక పాత మోటార్‌హోమ్ కొన్నాడు, అంటే మన సినిమావాళ్ళ కారవాన్ లాంటిదే, కాకపోతే అద్దాలూ మేకప్ లైట్లూ ఉండాల్సిన చోట వంటగదీ మంచాలూ ఉంటాయి. వాడు కొన్నది సెలవుల్లో తిరగడానికి, నాకు మాత్రం రిటైరయ్యాక మళ్ళీ పాన పట్టే భాగ్యం దొరికింది.

వ్యాసం బాగానే ఉంది, చదివించింది. కానీ బండిని మట్టంగా నిలబెట్టే ఏర్పాటు గురించి మీ రచయిత "గాలితో పనిచేసేది ఖరీదైన బళ్ళకి, హైడ్రాలిక్ జాకీలు మామూలు బళ్ళకి, సుఖం కావాలంటే గాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు (హైడ్రాలిక్ జాకీ అంటే బండి అడుగు నుంచి నూనె ఒత్తిడితో నేలకి దిగే ఇనప కాలు). దాని పక్కనే ఒక ఫోటో, కింద "పర్ఫెక్ట్ లెవల్" అని రాశారు. నేను కళ్ళజోడు మార్చుకుని చూశాను, ఆ ఫోటోలో బండి వెనక చక్రాలు నేలని తాకడం లేదు. నాలుగు జాకీల మీద నిలబడి వెనక చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి. అది చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ఎందుకంటారా, ఆ బళ్ళలో పార్కింగ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. పెట్రోలు బండిలో అయితే ఇంజన్ నుంచి వెనక ఇరుసుకి వెళ్ళే షాఫ్టుని పట్టుకుంటుంది, డీజిల్ పెద్ద బండిలో అయితే వెనక చక్రాల దగ్గర స్ప్రింగు బ్రేకులు పట్టుకుంటాయి. ఎలా పట్టినా ఆ చక్రం నేల మీద ఉంటేనే బ్రేకుకి అర్థం. వెనక చక్రాలు లేచిపోయాయంటే 10 టన్నుల బండి నాలుగు సన్నటి జాకీ రాడ్ల మీద బ్రేకు లేకుండా నిలబడి ఉన్నట్టే, ముందు చక్రాలేమో ఎటైనా దొర్లడానికి సిద్ధంగా ఉంటాయి. నేల కాస్త వాలుగా ఉందంటే (వాలుగా ఉందనే కదా జాకీలు వేసింది!) బండి కాస్త జరిగిందా, నాలుగు జాకీలూ వంగిపోతాయి. మన లారీ క్లీనర్ కుర్రాడికి ఏమీ చెప్పక్కర్లేదు, బండి ఆగీ ఆగగానే దూకి చక్రం కింద రాయి పెడతాడు. ఆ మాత్రం ఇంగితం లక్ష డాలర్ల బండి దగ్గర కూడా అవసరమే.

అందుకని వాలు నేల మీద ఆపాల్సి వస్తే బండి ముక్కు పల్లం వైపు ఉండేలా ఆపాలి. అప్పుడు లేపాల్సింది ముందు భాగం అవుతుంది, వెనక చక్రాలు బ్రేకుతో సహా నేల మీదే ఉంటాయి. ఇంత చిన్న విషయం మావాడికి బండి అమ్మినవాళ్ళూ చెప్పలేదు, మీ వ్యాసంలోనూ లేదు.

అసలు మట్టంగా ఎందుకు ఉండాలి అంటే పడుకున్నప్పుడు తలకిందులుగా ఉండకూడదనే కాదు. మా ఆవిడ మొదటి ట్రిప్పులోనే కనిపెట్టింది, దోసె పోస్తే పిండి ఒక పక్కకి జారి అటు మందంగా ఇటు కాగితంలా వస్తోందని, పోపు గిన్నెలో నూనె ఒక మూలకి చేరుతోందని. స్నానం చేస్తే నీళ్ళు గొట్టంలోకి పోకుండా అవతలి మూల నిలబడేవి. వీటన్నిటికంటే పెద్దది ఫ్రిజ్. పాత మోటార్‌హోమ్‌లలో ఫ్రిజ్ మన ఇంట్లో దానిలా కంప్రెసర్‌తో నడవదు, గ్యాసు మంటతోనో హీటర్‌తోనో అమ్మోనియా ద్రవాన్ని కాచి నడిపిస్తారు. దాంట్లో మోటారు లేదు, పంపు లేదు, ద్రవం తనంతట తాను కిందికి జారి మళ్ళీ బాయిలర్‌లోకి రావాలి. బండి వాలుగా నిలబడితే ఆ ద్రవం గొట్టాల వంపుల్లో ఆగిపోతుంది, బాయిలర్ ఎండిపోయి మాడుతుంది, లోపల తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. అలా ఒకసారి మూసుకుపోతే ఇక అంతే, మొత్తం మార్చాలి. ఇలాంటి ఫ్రిజ్‌లకి మామూలుగా ఒక దిక్కుకి 3 డిగ్రీలు, ఇంకో దిక్కుకి 6 డిగ్రీలు అని హద్దు చెబుతారు. బండి నడుస్తున్నప్పుడు కుదుపులకి ద్రవం కదులుతూ ఉంటుంది కాబట్టి ఫరవాలేదు, ఆపి ఉంచినప్పుడే ప్రమాదం. ఈమధ్య బళ్ళలో ఇంట్లో వాడే కంప్రెసర్ ఫ్రిజ్‌లే పెడుతున్నారు, వాటికి ఇంత పట్టింపు లేదు.

ఇక గాలి, హైడ్రాలిక్ సంగతి. మీ రచయిత రెండు వేరువేరు విషయాల్ని కలిపేశారు, చాలామంది అక్కడే దెబ్బతింటారు. బండికి ఎయిర్ సస్పెన్షన్ ఉండటం వేరు, ఎయిర్ లెవలింగ్ ఉండటం వేరు. మన గరుడ సర్వీసులకి వోల్వో బస్సులు వచ్చినప్పుడు కమాన్ పట్టీలు పోయి వాటి చోట గాలి బెలోస్ వచ్చాయి గుర్తుందా, నల్లటి రబ్బరు డబ్బాల్లా ఉంటాయి, బస్సు వాటి మీద కూర్చుంటుంది. డీజిల్ ఇంజన్ వెనక ఉండే పెద్ద మోటార్‌హోమ్‌లన్నీ దాదాపు ఇలాగే గాలి మీద నడుస్తాయి. కానీ ఆపి ఉంచినప్పుడు మట్టం చేసే పని చాలా బళ్ళలో హైడ్రాలిక్ జాకీలదే. మొదట బెలోస్‌లో గాలి వదిలేస్తారు, బండి కిందికి కూర్చుంటుంది, అప్పుడు జాకీలు దిగి దాన్ని సరిచేస్తాయి. అంటే గాలీ హైడ్రాలిక్కూ ఒకే బండిలో చక్కగా కాపురం చేస్తాయి. మావాడి స్నేహితుడు సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్తే అమ్మేవాడు "ఎయిర్ ఉంది సార్" అన్నాడట, ఏ ఎయిరో అడగాలని ఇతనికి తెలియదు. రెండోసారి నన్ను తీసుకెళ్ళాడు, కిందికి వంగి చూస్తే జాకీల పాదాలు నాలుగూ కనబడుతున్నాయి. జాకీలుంటే తప్పని కాదు, చెప్పింది వేరు ఉన్నది వేరు. ఆ బండి వదిలేసి తర్వాత నిజంగానే ఎయిర్ లెవలింగ్ ఉన్నది కొన్నాడు, దాని కథ కిందికొస్తుంది.

ఎయిర్ లెవలింగ్‌లో జాకీలే ఉండవు. ఏ బెలోస్ మీద బండి నడుస్తుందో వాటితోనే, ఎత్తు చూసే వాల్వుల్ని పక్కన పెట్టి, ఒక మూల గాలి ఎక్కించి ఇంకో మూల గాలి వదిలి మట్టానికి తెస్తారు. ప్రివోస్ట్ కంపెనీ బస్సుల్ని ఇళ్ళుగా మార్చిన బళ్ళలో మామూలుగా ఇదే పద్ధతి. అదనంగా మోసే ఇనుము లేదు, దిగాల్సిన పాదం లేదు, నేలకి గుచ్చుకునేది ఏమీ లేదు. బండి బరువంతా ఎప్పటిలాగే టైర్ల మీదే ఉంటుంది. హైడ్రాలిక్‌లో ఆ బరువులో కొంత టైర్ల మీద నుంచి జాకీల మీదికి పోతుంది. తేడా అంతా ఇక్కడే ఉంది, సుఖం ఖర్చు అన్నవి దీని తర్వాత వచ్చేవే.

బరువు టైర్ల మీదే ఉందంటే బండి ఇంకా స్ప్రింగు మీద నిలబడి ఉన్నట్టే. గాలిని నొక్కొచ్చు, నూనెని నొక్కలేం. లోపల ఎవరైనా మంచం దిగి నడిస్తే బండి పడవలా ఊగుతుంది, గాలి బాగా వీచే రాత్రయితే ఉయ్యాలే. జాకీల మీద నిలబడ్డ బండి జేసీబీ కాళ్ళు దించి కూర్చున్నట్టు గట్టిగా ఉంటుంది, మా మనవడు గెంతినా గ్లాసులో నీళ్ళు కదలవు. సుఖం కావాలంటే గాలి అని రాశారే, ఆపిన బండిలో రాత్రి పడుకుని చూసినవాళ్ళు ఆ మాట అనరు.

పోయిన జనవరిలో మావాడి బండీ ఆ స్నేహితుడి ఎయిర్ లెవలింగ్ బండీ కలిసి వెయ్యి మైళ్ళ పైన నడిపి అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ వెళ్ళాం. అదొక ఎడారి ఊరు, చలికాలంలో మోటార్‌హోమ్‌ల తిరునాళ్ళలా ఉంటుంది, ఊరి పక్కన ప్రభుత్వ భూముల్లో సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు పర్మిట్ తీసుకుని ఉండొచ్చు. కరెంటు కనెక్షన్ లేదు, కాంక్రీటు గచ్చు లేదు, గులకరాళ్ళ నేల. అక్కడ నాకు రెండు పద్ధతులూ పక్కపక్కన చూసే అవకాశం దొరికింది. నా దగ్గర తాపీ మేస్త్రీల రసమట్టం ఉంది, టేపు ఉంది, పనేమో లేదు. చూడకుండా ఎలా ఉంటాను.

మావాడి బండి ఇరుసుల మధ్య 19 అడుగులు. అంత పొడవున నేల ఒక్క డిగ్రీ వాలిందంటే ముందుకీ వెనక్కీ 4 అంగుళాలు తేడా. స్నేహితుడి 40 అడుగుల బండికి ఇరుసుల మధ్య 23 అడుగులు, డిగ్రీకి 5 అంగుళాలకి కాస్త తక్కువ. అతని బెలోస్ మామూలు ఎత్తు నుంచి పైకి మూడున్నర, కిందికి మూడు అంగుళాలు కదులుతున్నాయి, టేపు పెట్టి చూశాను. ముందు పూర్తిగా దించి వెనక పూర్తిగా లేపినా ఆరున్నర అంగుళాలు, అంటే ఒకటిన్నర డిగ్రీ కూడా సరిచేయలేదు. అంతకన్నా వాలు ఉంటే టైర్ల కింద చెక్కలు వేసి బండిని ఎక్కించాలి, అదీ వెనక జంట టైర్లు రెండింటి కిందా పూర్తిగా ఆనేలా. మావాడి జాకీలు 16 అంగుళాలు సాగుతాయి కానీ పాదం నేలకి చేరడానికే 9 అంగుళాలు పోతుంది, మిగిలింది 7. నిజం చెప్పాలంటే ఇక్కడ జాకీది పెద్ద గొప్పేమీ కాదు, కాకపోతే పాదం కింద ఒక దిమ్మ వేస్తే ఆ మందం అంతా కలిసొస్తుంది. వెనక చక్రాలు నేల వదలకూడదని పైన చెప్పాను కదా, ఆ హద్దు మాత్రం దాటకూడదు. అతను చెక్కల మీదికి మూడుసార్లు ఎక్కించి దించి చెమటలు కక్కాడు, జనవరి చలిలో.

ఆ రాత్రి రెండింటికి పక్క బండిలో ఏదో టకటకా మొదలైంది. రెండు నిమిషాలు కొట్టి ఆగుతుంది, కాసేపటికి మళ్ళీ. ఇంజన్ ఆపాక బెలోస్‌లో గాలి తగ్గితే నింపడానికి ఒక చిన్న కంప్రెసర్ ఉంటుంది, అది. పొద్దున అతను కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి "అంకుల్, ఎక్కడో లీకేజీ ఉన్నట్టుంది" అన్నాడు. ఉండొచ్చు, అవి పాత వాల్వులు, లోపలి రబ్బరు రింగులు గట్టిపడితే గాలి కారుతుంది. అయితే నేనింకో మాట చెప్పాను. పగలు 20 డిగ్రీలు ఉన్నది రాత్రి నాలుగైదుకి పడిపోయింది కదా, అంత చల్లబడితే బెలోస్‌లో గాలి 5 శాతానికి పైగా కుంచించుకుపోతుంది. గాలి కొంచెం కూడా కారకపోయినా బండి తెల్లారేసరికి ఓ అర అంగుళం దిగుతుంది. మూలమూలకీ అది ఒకేలా దిగదు, లెవల్ తప్పిందని సెన్సర్ కంప్రెసర్‌ని లేపుతుంది. మర్నాడు ఆ ఆటోమేటిక్ స్విచ్ ఆపేసి పడుకున్నాడు, హాయిగా నిద్రపోయాడు, తెల్లారేసరికి కుడివైపు వెనక మూల నాలుగు వేళ్ళు దిగి ఉంది. అంటే చలితో పాటు లీకేజీ కూడా ఉన్నట్టే లెక్క.

ఇక్కడే నాకు కోపం వచ్చిన సంగతి చెప్పాలి. పొద్దున టీ తాగి బయటికి వస్తే అతను సబ్బు నురగ గిన్నె పట్టుకుని బండి కిందికి వెల్లకిలా దూరబోతున్నాడు, లీకేజీ ఎక్కడో బుడగలు చూసి పట్టుకుందామని. కాలు పట్టుకుని ఆపాను. రాత్రంతా దిగుతూ ఉన్న మూల అది! బెలోస్‌లో గాలి ఒక్కసారి పోయిందంటే ఆ మూల రెప్పపాటులో కిందికి కూర్చుంటుంది, దానికీ నేలకీ మధ్య మనిషి ఛాతీకి చోటు ఉండదు. లోపల ఎవరైనా తెలియక మీట నొక్కినా అంతే. అమెరికాలో ఇలా చనిపోయినవాళ్ళు ఉన్నారు. గ్యారేజీలో మాకు మొదటి రోజు నేర్పేది ఇదే, గాలి మీద ఉన్న బండి కిందికైనా జాకీ మీద ఉన్న బండి కిందికైనా ఛాసిస్ కింద ఇనప స్టాండ్లు పెట్టకుండా తల పెట్టకూడదు. హైడ్రాలిక్ జాకీ గట్టిగా ఉందని నమ్మకండి, ఒక గొట్టం తెగితే అదీ కూర్చుంటుంది. మీ వ్యాసం మళ్ళీ వేస్తే ఈ ఒక్క మాట ఎర్ర అక్షరాల్లో వేయండి, నా మిగతా ఉత్తరం అంతా తీసేసినా నాకేమీ బాధ లేదు.

హైడ్రాలిక్‌కి దాని కష్టాలు దానికి ఉన్నాయి, మావాడి బండే కదా అని దాచను. దాంట్లో ఒక పంపు, 12 వోల్టుల మోటారు, నూనె ట్యాంకు, జాకీ జాకీకీ గొట్టాలు. నూనె అంటే చాలా బళ్ళలో ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసేదే, జాకీలన్నీ పైకి ముడిచాకే మట్టం చూడాలి, దించి ఉన్నప్పుడు చూసి తక్కువుందని పోస్తే తర్వాత పొంగుతుంది (మావాడు ఒకసారి చేశాడు, స్టోరేజీ అరలో పెట్టిన దుప్పట్లన్నీ నూనె). ఇనుము బరువు కొన్ని వందల పౌండ్లు ఎప్పుడూ మోసుకు తిరగాలి. వేసవిలో మాకు తెలిసినవాళ్ళ ఇంటి ముందు తారు గచ్చు మీద రెండు రోజులు జాకీలు దించి ఉంచితే నాలుగు పాదాల ముద్రలు అచ్చుగుద్దినట్టు పడ్డాయి. ఇంటాయన పైకేమీ అనలేదు కానీ తర్వాత మమ్మల్ని భోజనానికి పిలిచింది రెస్టారెంట్‌కి. అందుకే పాదం కింద ఎప్పుడూ వెడల్పాటి చెక్క వేయాలి, తారు అయినా మట్టి అయినా.

తిరుగు ప్రయాణంలో ఒక జాకీ పైకి రాలేదు. దాన్ని పైకి లాగే స్ప్రింగులు రెండుంటే ఒకటి తెగింది. బజరు ఆగకుండా మోగుతోంది, జాకీ దిగి ఉండగా కదలొద్దని దాని గోల. పంపు దగ్గర చేత్తో వదిలే వాల్వు ఒకటి ఉంటుంది, దాన్ని తిప్పితే నూనె ట్యాంకులోకి వెనక్కి పోతుంది, మిగిలిన ఒక్క స్ప్రింగు తన వంతు లాగింది, మిగతాది పక్కన నిలబడి పొడవాటి చెక్కతో ఎత్తి కట్టేశాం. గంటన్నర పోయింది. ఎయిర్ బండికి ఈ బాధ లేదు, లీకేజీ కాస్త ఉన్నా ఇంజన్ వేస్తే పెద్ద కంప్రెసర్ నింపేస్తుంది, బండి తన ఎత్తుకి వస్తుంది, వెళ్ళిపోవచ్చు. కాకపోతే గేజీలో గాలి పూర్తిగా ఎక్కేదాకా, బండి మామూలు ఎత్తుకి లేచేదాకా కదలకూడదు, బ్రేకులకీ అదే గాలి కదా. అంటే పొద్దున ఆరింటికి బయల్దేరాలంటే డీజిల్ ఇంజన్ గుర్రుమని కొట్టుకుంటూ ఉండాలి, చుట్టుపక్కల పడుకున్నవాళ్ళ దీవెనలు వినాలి.

గాలి ఉన్నచోట తేమ తప్పదు, ట్యాంకుల్లో నీళ్ళు చేరతాయి, చలిదేశంలో అవి గడ్డకడితే వాల్వు ఇరుక్కుంటుంది. గాలిలో తేమ పీల్చే డ్రయ్యర్ మారుస్తూ, ట్యాంకు కింద గొలుసు లాగి నీళ్ళు వదులుతూ ఉండాలి. ఆర్టీసీలో పని చేసినవాడికి ఇది చెప్పక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి చెప్పాలి.

ఇంకో మాట, నాలుగు జాకీలున్న బండిలో ఒక్కో మూలని విడిగా లేపకూడదు, ముందు రెండూ కలిపి, లేదా ఒక పక్కవి రెండూ కలిపి లేపాలి. నాలుగు కాళ్ళ మంచాన్ని ఒక్క మూల పట్టి లేపితే ఎలా మెలిపడుతుందో ఛాసిస్ అలా మెలిపడుతుంది, ముందు అద్దం చిట్లుతుంది, తలుపు పట్టేస్తుంది. పక్కకి సాగే గదులున్న బళ్ళలో ఆ గది పట్టాల మీద ఇరుక్కుంటుంది.

ఏది కొనాలి అని మావాడి స్నేహితులు ఫోన్ చేసి అడుగుతుంటారు. కాంక్రీటు గచ్చులూ కరెంటూ ఉన్న పార్కుల్లోనే ఆగేవాళ్ళకి, రోజుకొక ఊరు మారేవాళ్ళకి, మెషిన్ సంగతి చూసుకోవడానికి డబ్బూ మంచి వర్క్‌షాపూ ఉన్నవాళ్ళకి గాలి బాగుంటుంది. ఎడారిలో అడవిలో వారం పది రోజులు ఒక్కచోట ఉండేవాళ్ళకి, రాత్రి కంప్రెసర్ కరెంటు లాగితే బ్యాటరీ టెన్షన్ పడేవాళ్ళకి జాకీలే నయం. నన్నడిగితే నేను జాకీలే అంటాను, అది నేను పాతకాలపు మనిషిని కావడం వల్ల కూడా కావచ్చు. మన దగ్గర కూడా చిన్న వాన్‌ల మీద కారవాన్‌లు కట్టించుకుంటున్నారు కదా, బ్రేకులకే గాలి లేని బండికి ఎయిర్ లెవలింగ్ అడగటంలో అర్థం లేదు, జాకీలు పెట్టించుకోండి. వాన పడ్డ నల్లరేగడిలో మాత్రం అసలు దించకండి, చెక్క వేసినా జాకీ దిగుతూనే ఉంటుంది, మళ్ళీ పైకి లాగడానికి జేసీబీని పిలవాలి.

ఆ ఫోటో ఎక్కడ దొరికిందో కానీ ఆ బండి ఓనరు మీకు తెలిసినవాడైతే, ముందు ఆయనకి ఫోన్ చేసి ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డం పెట్టించి, వెనక జాకీలు చక్రాలు నేలకి ఆనేదాకా దించమని చెప్పండి. నా ఉత్తరం ఎప్పుడు వేసినా ఫరవాలేదు.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్
ఖమ్మం (ప్రస్తుతం టెక్సస్)